కేకుకు చెవిపోగు

ఆడవాళ్ళ చేతులు ఊరికే ఖాళీగా ఉంటున్నాయని మా మండలంలో ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ, కనిపెట్టిన వారం లోపలే 'ఇంటింటా ఫాండెంట్' ఉద్యమం వచ్చిపడింది. తెల్లవారుజామున లేచి పేడ ఎత్తి, పాలు పితికి, పిల్లల్ని బడికి తోలి, మిరపచేలో కాయ కోసి, పొద్దుగూకే వేళకి ఇంటికి చేరే మా వేములదొడ్డి ఆడవాళ్ళు ఈ వార్త విని సంతోషించారు. చేతులు ఖాళీగా ఉన్న సంగతి అప్పటిదాకా వాళ్ళకీ తెలియదు.

ఫాండెంట్ అంటే మరేం లేదు. పంచదార పొడిలో కాస్త జిగురు, కాస్త గ్లూకోజు పాకం, చెంచాడు డాల్డా వేసి చపాతీ పిండిలా పిసికితే సాగే ముద్ద. దానికి రంగు కలిపి, కర్రతో ఒత్తి, కేకు మీద దుప్పటిలా కప్పి, ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ చేసుకోవచ్చు. పట్నంలో ఈ మధ్య కేకు కేకులా కనబడితే పరువు తక్కువట. చెప్పులాగో, తాళంకప్పలాగో ఉండాలట.

మూడు రోజుల శిక్షణ పెట్టారు. కుటీర పరిశ్రమల సమన్వయాధికారి చిదంబరరావు గారు స్వయంగా ప్రారంభించారు. మొదటి రోజు ఉద్యమ లక్ష్యాలు చెప్పారు. రెండో రోజు ఆ లక్ష్యాలు ఎంతవరకు నెరవేరాయో చెప్పారు. మూడో రోజు పిసకడం. పంచదారకి టెండరు ఇంకా ఖాయం కాలేదు కాబట్టి నలభైమంది ఆడవాళ్ళూ వట్టి బల్లల మీద వట్టి చేతులు ఆడిస్తూ, పంచదార ఉన్నట్టు భావించి పిసికారు.

"మెత్తబడినదా?" అని అడిగారు చిదంబరరావు గారు.

"బాగా మెత్తబడిందండీ" అన్నారు అందరూ.

ఫొటో తీశారు. సాయంత్రం తలా ఒక యోగ్యతా పత్రం, తలా ఒక చిన్న ఓవెను ఇచ్చి పంపించారు. ఆ నలభై ఓవెన్లలో ముప్పైతొమ్మిదింట్లో ఇవాళ చింతపండు నిలవ ఉంది. తలుపు గట్టిది, ఎలకలు దూరవు. కేకు ఉడికింది ఒక్క సుకన్య ఓవెనులోనే.

సుకన్య డిగ్రీ చదివి మా ఊరికి కోడలిగా వచ్చిన పిల్ల. మొగుడు వరికోత మిషను తోలుతూ ఏడాదిలో సగం రోజులు బయటి ఊళ్ళలో ఉంటాడు. ఇంట్లో ఉండేది అత్త తులశమ్మ, ఈ పిల్ల. ఫోనుని ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టి, వీడియోలు చూస్తూ ఇద్దరూ వంటింట్లో పడ్డారు. మొదటి కుందేలు పందికొక్కులా వచ్చింది. రెండోదానికి ఫ్యాను గాలి తగిలి ఒళ్ళంతా బీటలు వారింది. మూడోది ముసురు రోజున చేస్తే, తేమకి చెమటలు పట్టి రెండు చెవులూ భుజాల మీదికి జారిపోయాయి.

"అదేందే, ముద్ద మీద పగ ఉన్నట్టు పిసుకుతున్నావు?" అంది తులశమ్మ. ఆవిడ పుట్టింటివాళ్ళు పెళ్ళిళ్ళకి పంచదార చిలకలు పోసేవాళ్ళు. "పంచదారకి పొగరెక్కువమ్మాయ్. బతిమాలాలి. మణికట్టుతో అవతలకి నెట్టు, మళ్ళీ మెల్లిగా ఇవతలకి లాక్కో. మొగుణ్ణి లాక్కున్నట్టు."

"మీ అబ్బాయికి ఇంత పిసుకుడు అక్కర్లేదులే అత్తా" అంది సుకన్య.

రెండు నెలలు తిరిగేసరికి పిల్ల చేతికి పని వచ్చేసింది. దువ్వెనతో ఒత్తి ఈతాకు చాప నేసేది. కూల్ డ్రింకు గొట్టంతో చేపకి పొలుసులు అద్దేది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ నుంచి పుట్టినరోజులకి కబురు రావడం మొదలైంది.

అప్పుడే మండలాఫీసులో ఉద్యమ ప్రదర్శన జరిగింది. బల్ల మీద పెట్టడానికి మండలం మొత్తం మీద కేకు ఒక్కటే ఉంది, సుకన్యది. నల్లటి తోలు సంచీ ఆకారంలో చేసింది. జిప్పు, కుట్టు దారాలు, పిడి దగ్గర అరిగిన మెరుపు, అన్నీ పంచదారే. చిదంబరరావు గారు ఉపన్యాసం చెబుతూ తన నల్లటి తోలు సంచీని దాని పక్కనే పెట్టారు. ఉపన్యాసం అయ్యాక కత్తి అందుకుని, చిరునవ్వుతో ఫొటో వైపు చూస్తూ, బలంగా దించారు. చప్పట్లు కొట్టమని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి అందరూ కొట్టారు. సంచీ, లోపలున్న ఉద్యమం ఫైలు, ఫైలు కింద ఉన్న ఆయన మధ్యాహ్నపు పెరుగన్నం డబ్బా మూత, మూడూ తెగాయి.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది.

"ఆహార పదార్థములు ఇతర వస్తువుల ఆకారము ధరించుట వలన ప్రభుత్వ ఆస్తికి నష్టము వాటిల్లిన సంఘటన దృష్టికి వచ్చినందున, ఇకమీదట ఏ కేకు ఏ ఆకారములో ఉండునో ఆ కేకును సర్వవిధముల ఆ వస్తువుగానే పరిగణించి, సంబంధిత శాఖ అనుమతి పొందవలెను. ఉల్లంఘించినచో ఓవెను జప్తు చేయబడును."

మొదట ఎవరూ పట్టించుకోలేదు. గృహప్రవేశానికి సుకన్య రెండు గదుల ఇల్లు కేకు చేస్తే పంచాయతీ కార్యదర్శి టేపు పట్టుకుని వచ్చినప్పుడు తెలిసింది. పడమటి గోడ పక్క రెండు వేళ్ళ ఖాళీ వదలలేదని తేల్చి, ఆ గోడ తీయించాడు. తీసిన గోడని సాక్ష్యం కింద తనే తిన్నాడు. ట్రాక్టరు కేకు చేస్తే రవాణా శాఖ నుంచి ఒకాయన వచ్చి బ్రేకులు పనిచేస్తున్నాయా అని అడిగాడు. గట్టిగా నెట్టి చూశాడు. కదలలేదు. "పనిచేస్తున్నవి" అని రాసుకుని వెళ్ళాడు. పెళ్ళివారి కోసం పెళ్ళికూతురి బొమ్మ పెట్టి కేకు చేస్తే శిశు సంక్షేమం ఆవిడ వచ్చింది.

"పిల్ల వయసెంత?"

"నిన్న మధ్యాహ్నం చేశానండి."

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. పెళ్ళికొడుకు బొమ్మని వేరే పళ్ళెంలోకి మార్పించి, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఇద్దరినీ ఒక కేకు మీద నిలబెట్టనని సుకన్య చేత రాయించుకుంది. వెళ్ళే ముందు బొమ్మకి ధైర్యం కూడా చెప్పింది.

ఇవన్నీ ఎలాగో గట్టెక్కాయి. గేదె దగ్గర చిక్కు పడింది.

మా ఊరి పాలకేంద్రంలో సీతారావమ్మ గారని ఒక పెద్దావిడ ఉంది. నలభై ఏళ్ళుగా పొద్దునా సాయంత్రం పాలు పోస్తోంది. ఒక్క పూట మానలేదు, ఒక్క గ్లాసు నీళ్ళు కలపలేదు. ఈ రెండోది మా జిల్లాలో మరొకరి గురించి ఎవరూ అనలేరు. ఆదివారం ఆవిడకి సన్మానం. పాలు పోసే ఆడవాళ్ళంతా కలిసి సుకన్య దగ్గరికి వచ్చారు.

"శాలువాలు ఆవిడకేం చేసుకోను? ముత్యాల్ని చెయ్యి" అన్నారు.

ముత్యాలు సీతారావమ్మ గారి గేదె. పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు పాలిచ్చేది దాని కూతురు. ఊరందరికీ తెలిసిన గేదె, నుదుటి మీద తెల్లచుక్క, జిలేబీ చుట్టల్లాంటి కొమ్ములు. సుకన్య నాలుగు రోజులు కూర్చుంది. కొమ్ములని రోకలికి చుట్టి ఆరబెట్టింది. చాక్లెట్ స్పాంజి పొరలు పేర్చి, చెక్కి, నల్లటి ఫాండెంట్ కప్పి, పొదుగు దగ్గర నరాలు కూడా పుల్లతో గీసింది. శుక్రవారం పొద్దునకి తయారైంది. తులశమ్మ దాన్ని చూసి, తెలియకుండానే పక్కకి జరిగింది, తన్నుతుందేమోనని.

ఇంత పెద్ద పని సుకన్య ఎప్పుడూ చెయ్యలేదు. పాలకేంద్రం పెద్ద వీరాంజనేయులు మాత్రం ముందే చెప్పేశాడు. "అనుమతి కాయితం లేకుండా ఆ గేదె నా గడప తొక్కకూడదమ్మా. నా కేంద్రానికి తాళం వేస్తారు."

అందుకని శుక్రవారమే పశువైద్యశాల నుంచి మల్లేశు వచ్చాడు. మంచి కుర్రాడే, చెడ్డ తొందరలో ఉన్నాడు. ఆ నెల గేదెలకి చెవిపోగులు వేసే లక్ష్యం ఇచ్చారు. ఊళ్ళో ఉన్న గేదెలన్నిటికీ వేసినా లెక్కకి ఒక్కటి తగ్గింది. నెలాఖరుకి నాలుగు రోజులే ఉంది.

కేకు చుట్టూ ఒకసారి తిరిగాడు. కళ్ళు మెరిశాయి.

"అక్కా, దీనికి పోగు లేదే!"

"అది కేకురా అబ్బాయ్" అంది తులశమ్మ.

"ఉత్తర్వు చూశావా పిన్నీ? సర్వవిధములా అన్నారు. చెవి సర్వవిధాల్లోకి వస్తదా రాదా?"

అంటూ సంచీలోంచి యంత్రం తీసి టక్కున నొక్కాడు. పసుపు పచ్చ చెవిపోగు, పన్నెండంకెల నంబరుతో, చెవికి దిగిపోయింది. మెత్తగా దిగింది, గేదె విదిలించుకోలేదు. ఇంత బుద్ధిమంతురాలిని తన ఉద్యోగంలో చూడలేదన్నాడు. తర్వాత ఫోనులో వివరాలు నింపడం మొదలెట్టాడు.

"జాతి... ముర్రా. వయసు?"

"పొద్దున తొమ్మిదింటికి అయింది" అంది సుకన్య.

"ఏళ్ళలో అడుగుతోందక్కా. నాలుగు వేస్తన్నా. ఎదకొచ్చిందా?"

"నీ నోట్లో మన్ను పడ! కేకు ఎదకి రావడమేందిరా?"

"ఖాళీ వదిలితే ముందుకి పోదు పిన్నీ. పోనీ, కడుపులో ఏమన్నా ఉందా?"

"చాక్లెట్ స్పాంజి" అంది సుకన్య.

"ఉంది" అని నొక్కాడు మల్లేశు. ఫోను టింగుమంది. "అభినందనలక్కా, చూడి గేదె."

మల్లేశు లక్ష్యం పూర్తయింది. ఆరోగ్య ధ్రువపత్రం కూడా రాసిచ్చాడు, మేత బాగా తింటోందని. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, తల గోక్కున్నాడు.

"అక్కా, ఆదివారం దీన్ని ఏం చేస్తారు?"

"ఏం చేస్తారు, కోస్తారు."

మల్లేశు గుమ్మంలోంచి వెనక్కి వచ్చేశాడు. "చూడి గేదెనా! ఏ చట్టమూ ఒప్పుకోదక్కా. నంబరు పడిపోయింది. కత్తి పెడితే కేసే."

సుకన్య కుర్చీలో కూలబడింది. కోస్తే ఓవెను పోతుంది. కొయ్యకపోతే ఊరంతటి ముందు పేరు పోతుంది. నెమ్మదిగా ఆలోచించుకుందామంటే ముసురు పట్టింది, గేదెకి అప్పుడే మూతి దగ్గర చెమటలు పడుతున్నాయి.

మధ్యాహ్నానికల్లా దరఖాస్తు పట్టుకుని సమన్వయాధికారి ఆఫీసుకి వెళ్ళింది. చిదంబరరావు గారి కొత్త సంచీ బల్ల మీద ఉంది. దాని మీద 'ఇది కేకు కాదు' అని చీటీ అంటించి ఉంది. పక్క బల్ల దగ్గర గుమాస్తా హనుమాయమ్మ గారు ఫైళ్ళకి దారం కడుతోంది.

"గేదెను కోయుటకు దరఖాస్తా?" అన్నారు ఆయన కళ్ళజోడు పైకి నెట్టి.

"గేదె కాదండీ, కేకు."

"చెవిపోగు నంబరు?"

చెప్పింది. ఆయన కంప్యూటర్లో కొట్టి చూశారు. "ముర్రా. నాలుగేళ్ళు. చూడి. ఎక్కడా కేకు అని లేదే."

"లోపల స్పాంజి ఉందండీ."

"లోపల ఏమున్నదన్నది మా పరిధిలోకి రాదు. ప్రభుత్వము ఆకారము వరకే చూచును."

"మరి ఆదివారానికి ఎట్టాగండీ?"

"ఈననివ్వండి. పది నెలల పది రోజులు. ఈనిన పిమ్మట దూడను ప్రత్యేకముగా నమోదు చేసి, తల్లి విషయము సానుభూతితో పరిశీలించెదము."

"అప్పటికి చీమలు తినేస్తాయండీ!"

"చీమలు తినినచో అది సహజ మరణము. దానికి వేరే దరఖాస్తు ఉన్నది. హనుమాయమ్మ గారూ, ఒకటి ఇవ్వండి."

హనుమాయమ్మ గారు ఒకటి ఇచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆవిడ ఆరుగురు అధికారులకి కాయితాలు అందించింది. దరఖాస్తుతో పాటు గుమ్మం దాకా వచ్చి నెమ్మదిగా అంది. "రేపు ఉద్యమానికి వందో రోజు పండగ. శిక్షణ పొందినవాళ్ళంతా తలా ఒక నమూనా తేవాలి. ముప్పైతొమ్మిదిమంది చింతపండే తెస్తారు. నువ్వన్నా తినేదేదన్నా పట్టుకురామ్మా."

సుకన్య ఇంటికొచ్చి, కోపమంతా ఒక తెల్లటి ఫాండెంట్ ముద్ద మీద చూపించడం మొదలెట్టింది. తులశమ్మ ఈసారి వద్దనలేదు. గోడకి అంటించిన ఉత్తర్వు వైపు చూస్తూ కూర్చుంది.

"మా అమ్మావాళ్ళు బండెడు చిలకలు పోశారే. ఒక్క అడవి శాఖోడూ రాలేదు" అంది. ఉత్తర్వు వైపు వేలు చూపించింది. "గేదెకి డాక్టరు, ఇంటికి కార్యదర్శి, బండికి బ్రేకులోడు. మరి ఆ కాయితానికి ఎవరే పెద్ద?"

సుకన్య చెయ్యి ఆగిపోయింది. అత్త వైపు చూసింది. గోడ వైపు చూసింది. తర్వాత చపాతీ కర్ర తీసుకుని, ఆ తెల్లటి ముద్దని పల్చగా, నలుచదరంగా, కాయితం కొలతకి ఒత్తడం మొదలెట్టింది.

శనివారం పొద్దున ఆఫీసు హాలంతా చింతపండు వాసన. ఆ మధ్యలో, అత్తని వెంటబెట్టుకుని వచ్చిన సుకన్య పళ్ళెం మీది గుడ్డ తీసింది. చిదంబరరావు గారు కళ్ళజోడు పైకి నెట్టి పళ్ళెం మీదికి వంగారు. పల్చటి కేకు మీద ఆయన ఉత్తర్వే! కోకో నీళ్ళతో, సన్నటి కుంచెతో, మొదటి అక్షరం నుంచి 'జప్తు చేయబడును' దాకా. కింద ఎర్రటి ముద్ర. ముద్ర పక్కన పాములా మెలికలు తిరిగిన ఆయన సంతకం.

"నా సంతకము! చివరి మెలిక కూడా తప్పలేదు!" అంటూ ఆయన ఆ మెలిక వెంట గాలిలో వేలు తిప్పారు. ఆయన రాసినదాన్ని ఇంత శ్రద్ధగా ఎవరూ చదివిన దాఖలా లేదు.

"అనుమతి కావాలండీ. సంబంధిత శాఖది" అంది సుకన్య చేతులు కట్టుకుని.

"సంబంధిత శాఖ మేమే కదా!" అని అక్కడికక్కడే అనుమతి పత్రం మీద సంతకం చేశారు. కత్తి ఇచ్చారు. ఈసారి ముందు వేలితో నొక్కి చూసుకుని, ఫొటో వైపు తిరిగి, నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి కోశారు. చప్పట్లు మోగాయి. సంతకం ఉన్న ముక్క తనే తీసుకుని నోట్లో పెట్టుకున్నారు.

అప్పుడు హనుమాయమ్మ గారు పుస్తకం పట్టుకుని లేచింది. "సార్, కార్యక్రమం నివేదికలో ఏమని రాయమంటారు?"

"శతదిన వేడుకలో కేకు కోయబడినదని రాయండి" అన్నారు ఆయన నములుతూ.

"కేకని రాయడానికి వీల్లేదండి. ఏ ఆకారంలో ఉంటే సర్వవిధముల ఆ వస్తువేనని ఉత్తర్వు ఉంది. కాబట్టి ఉత్తర్వు కోయబడినది అని రాయాలి. జారీ చేసిన అధికారే, లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చి, పదిమంది ఎదుట, నాలుగు ముక్కలు చేసి..."

"తినేశారు" అని అందించింది వెనకనుంచి తులశమ్మ.

చిదంబరరావు గారి దవడలు ఆగిపోయాయి. "ఇదేమి మాట! ఇది ఉత్తర్వు ఎట్లగును? కేకమ్మా ఇది! తిని చూడండి, తియ్యగా ఉన్నది!"

"అట్టాగేనండి. ఆకారం ఏదైనా కేకు కేకేనని తమరే సెలవిచ్చినట్టు రాస్తాను. అప్పుడు వేములదొడ్డి గేదె కూడా కేకే."

మింగితే ఉత్తర్వు పోతుంది. ఉమ్మితే ఎదురుగా ఫొటో తీసేవాడు ఉన్నాడు. పంచదార మాత్రం నోట్లో తన పని తాను చేసుకుపోతోంది, కరుగుతోంది. ఆయన ఒకసారి కిటికీ వైపు చూశారు, ఒకసారి తన సంచీ వైపు చూశారు, మింగేశారు.

"రద్దు అని మాత్రము రాయకండి" అన్నారు నెమ్మదిగా, మూతి తుడుచుకుంటూ. "సదరు ఉత్తర్వు సంపూర్ణముగా అమలై, లక్ష్యము నెరవేరి, ముగిసినది అని రాయండి."

"చిత్తం" అంది హనుమాయమ్మ గారు. ఆ పక్క పేజీలో, ఓవెన్లలో చింతపండు నిలవ చేయడం ఉద్యమం సాధించిన అదనపు ఫలితం అని కూడా రాసింది. ఆయన అందుకు చాలా సంతోషించారు.

ఆదివారం పొద్దున పాలకేంద్రం ముందు షామియానా వేశారు. మల్లేశు అందరికంటే ముందు వచ్చి సుకన్య చెవిలో గొణిగాడు. "అక్కా, నెలాఖరు ఇంకా రెండ్రోజులుంది. నీ పుణ్యం ఉంటది, ఆ చెవి ఒక్కటీ కొయ్యొద్దు. డబ్బాలో పెట్టివ్వు, నేను చూసుకుంటా." సరేనంది.

సీతారావమ్మ గారిని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. వీరాంజనేయులు ఆరోగ్య ధ్రువపత్రం, ఉత్తర్వు ముగిసిందన్న నివేదిక నకలు రెండూ జేబులో ఉన్నాయో లేవో తడిమి చూసుకుని, కేకు మీది గుడ్డ తీశాడు.

ఆడవాళ్ళంతా ఒక్కసారి "అమ్మా!" అన్నారు. ముత్యాలే. నుదుటి మీద చుక్క, చుట్టల కొమ్ములు, తల కాస్త పక్కకి తిప్పి, ఎవరో వస్తున్నారని చూస్తున్నట్టు. తేమకి ఒళ్ళంతా నిగనిగలాడుతోంది, అప్పుడే చెరువులోంచి లేచొచ్చినట్టు.

వీరాంజనేయులు కత్తి అందించాడు. సీతారావమ్మ గారు తీసుకోలేదు.

"ఏంటిది?" అంది.

"కొయ్యాలి పెద్దమ్మా. అన్నీ సరిచేశాం. అనుమతులన్నీ వచ్చినయ్" అన్నాడు.

"దేన్ని? ముత్యాల్నా?"

సుకన్య చప్పున వీరాంజనేయులు చేతిలోంచి కత్తి తీసేసుకుంది. ఎన్ని శాఖలు తిరిగింది, ఎన్ని కాయితాలు తెచ్చింది! ఈవిడ్ని అడగాలని ఒక్కరికీ తట్టలేదు.

సీతారావమ్మ గారు మెల్లిగా లేచింది. బల్ల చుట్టూ తిరిగి, పితకడానికి కూర్చునే వైపుకి వచ్చి నిలబడింది. గేదె వీపు మీద చెయ్యి వేసి రెండుసార్లు నిమిరింది. నల్లరంగు అరచేతికి అంటుకుంది. చూసుకోలేదు. వంగి, పోగు లేని చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది. పాలు పితికే ముందు గేదెకి చెప్పుకునే మాటలు ఎవరివి వాళ్ళకి ఉంటాయి, పైకి వినపడవు. చెప్పడం అయ్యాక, జవాబు కోసం ఆగినట్టు కాసేపు అలాగే ఉంది.

తర్వాత నడుం పట్టుకుని నిటారుగా లేచి, సుకన్య వైపు చెయ్యి చాపింది.

"సరేనందమ్మాయ్. ఏదీ, ఆ కత్తిటియ్యి. తోక వైపు నుంచి మొదలెడతా, అది చూడకుండా."